కూనూరులో ఒక గది

గడచిన మిర్చి ఏరుడు కాలమున ఒక గ్రామీణ కార్యక్రమమును ధ్వనిముద్రణ చేయుటకై నేను తిరుమలాయపాలెము వెళ్ళితిని. పని ముగిసి, యంత్రములను సర్దుకొనుచుండగా, ఆ ప్రాంతమున వైద్యము చేయుచున్న యువకుడొకడు వచ్చి పలుకరించెను. తన గదికి తీసికొనిపోయి, టీ ఇప్పించి, బల్లపైన కొన్ని కాగితములు పరచెను. అవి పరిశోధనకు చిన్న గ్రాంటు కోరుచు పంపవలసిన దరఖాస్తు పత్రములు. పెద్ద పరిశోధనకు పూర్వము, ఆ ప్రశ్న అడుగదగినదా కాదా యని తేల్చుకొనుటకు ఇచ్చు కొద్దిపాటి ధనమును నేడు పైలట్ గ్రాంటు అనుచున్నారు.

"సార్, మీరు రాతపనిలో ఉన్నవారు. ఈ గడిలో ఏం రాయమంటారో మీరే చెప్పండి" అనెను.

ఆ గడిలోని ప్రశ్న ఇది: ఈ విషయమున మీరు ఇదివరకు సేకరించిన ఆధారములేవి?

ఆయన ప్రశ్న చిన్నదే. మిర్చి ఏరుటకు భద్రాచలము అడవుల వైపు నుండియు, దాని కావలి ఛత్తీస్‌గఢ్ నుండియు ఖమ్మము జిల్లాకు కూలీలు వత్తురు. వారిలో రక్తము లేక పాలిపోయిన స్త్రీలు ఆయన కంట పడుచుండిరి. ఆ రక్తహీనతకు మూలము తిండిలో ఉన్నదా, కొంకిపురుగులో ఉన్నదా, పదే పదే వచ్చు మలేరియాలో ఉన్నదా, లేక ఎర్రకణములు కొడవలి ఆకారము దాల్చు సికిల్ సెల్ వ్యాధిలో ఉన్నదా? అన్నిటికిని ఇనుము మాత్రలే ఇచ్చుచున్నారు. అరవైమంది రక్తమును ఒక్క ఋతువులో పరీక్షించి చూడవలెనని ఆయన కోరిక.

"ఆధారాలుంటే డబ్బెందుకు అడుగుతాను సార్? డబ్బు లేకుండా ఆధారాలు ఎక్కణ్ణుంచి తెస్తాను?"

పెండ్లి కుదిరినగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరినగాని పెండ్లి కుదరదు అన్న సామెత నాకు జ్ఞాపకము వచ్చెను గాని, ఆయన ముఖము చూచి చెప్పలేదు. అంతకు మించిన సమాధానమును ఆనాడు నా వద్ద లేదు. తిరిగి వచ్చిన తరువాత పాత సంపుటములు తిరుగవేసితిని. ఈ చిక్కు ఆయనతో మొదలైనది కాదు. మన తెలుగునాటి అన్నపు కుండతో ముడిపడిన ఒక కథలో ఇది నూరేండ్ల క్రిందటనే కనబడుచున్నది.

అంతకు ముందు పరిశోధనకు ధనము కావలెనన్న ప్రభువుల మనసు కరగవలసి యుండెను. దానికి మన హైదరాబాదే గొప్ప నిదర్శనము. 1880 దశకమున రెసిడెన్సీ సర్జనుగను, హైదరాబాదు వైద్య పాఠశాలకు అధిపతిగను ఉండిన ఎడ్వర్డు లారీకి క్లోరోఫారముపై అచంచలమైన విశ్వాసము. మత్తు ఇచ్చునపుడు రోగి నాడిని కాదు, ఊపిరిని కనిపెట్టి యుండవలెను. క్లోరోఫారము గుండెను సూటిగా బాధింపదు. ఇది ఎడింబరోలో తన గురువైన సైమ్ వద్ద ఆయన నేర్చిన పాఠము. 1888లో హైదరాబాదున ఒక సంఘము కుక్కలపై ప్రయోగములు చేసి ఆ పాఠమునే సమర్థించెను. లండనులోని లాన్సెట్ పత్రిక సందేహించెను. అంతట ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వము, ఆ పత్రిక తన ప్రతినిధిని పంపినచో వేయి పౌనులు ఇచ్చుటకు ముందుకు వచ్చెను. 1889 అక్టోబరులో లాడర్ బ్రంటన్ అను ప్రసిద్ధ వైద్యుడు దిగెను. కుక్కలు, కోతులు, మేకలు, గుఱ్ఱములు, పిల్లులు, కుందేళ్ళు కలిసి నాలుగు వందలకు పైబడిన జంతువులు ఆ పరీక్షలకు గురియయ్యెను. సందేహముతో వచ్చిన బ్రంటన్ లారీ పక్షమే వహించి తిరిగి వెళ్ళెను.

అంత ధనము, అంత శ్రమ! అయినను తీర్పు నిలువలేదు. 1911లో లండనులో గుడ్మన్ లెవీ పిల్లులపై పరీక్షించి, మత్తు ఎక్కువైనపుడు కాదు, తక్కువగా ఉన్నపుడే, భయమో ఉద్రేకమో తోడైనచో గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోవచ్చునని నిరూపించెను. హైదరాబాదు వారు ముఖ్యముగ మోతాదు మించిన మత్తును పరీక్షించిరి. అందుచేత వారికి మోతాదు మించిన చావులే కనబడినవి. ఊపిరిని కనిపెట్టవలెనన్న లారీ హెచ్చరిక వలన ఎందరో బ్రతికి యుందురు. ఆ మేలును కాదనరాదు. కాని ఆ వేయి పౌనులు ప్రశ్నకు ఇచ్చినవి కావు, సమాధానమునకు ఇచ్చినవని నా అభిప్రాయము.

ప్రభువుల దయపై కాక, దరఖాస్తుపై ధనము లభించు పద్ధతి మన దేశమున 1911లో ఏర్పడినది. ఆ సంవత్సరము భారత ప్రభుత్వము 5 లక్షల రూపాయలతో ఇండియన్ రీసెర్చ్ ఫండ్ అసోసియేషన్ అను సంస్థను స్థాపించెను. 1949లో ఇదే ఇండియన్ కౌన్సిల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్ అయినది. ఈ సంస్థ మొదట భవనములు కట్టింపలేదు. "ఎంక్వయిరీ" అను పేర ఒక్కొక్క రోగమునకు ఒక్కొక్క విచారణను మంజూరు చేయుచుండెను. ఒక అధికారి, ఒకరిద్దరు సహాయకులు, కొన్ని సీసాలు, కొంత గడువు. ఫలితము కనబడిన పొడిగింపు, లేకున్న ముగింపు. ఆ విచారణలలో బెరిబెరికి సంబంధించినది ఒకటి.

బెరిబెరి అన్న పేరు నేటి శ్రోతలలో చాలమందికి కొత్తగా వినబడవచ్చును. కాని ఒకప్పుడు గంజాము మొదలు నెల్లూరు వరకు గల కోస్తా జిల్లాలను, అనగా ఆనాటి ఉత్తర సర్కారులను, ఈ రోగపు పుట్టిల్లుగ వైద్యులు లెక్కించుచుండిరి. కాళ్ళు తిమ్మిరెక్కును, పిక్కలు పట్టుకొనిపోవును, కూర్చున్నవాడు చేతులూనక లేవలేడు. కొందరికి ఒళ్ళంతయు నీరు పట్టి, గుండె వాచి, కొద్ది దినములలోనే ప్రాణము పోవును. 1835లోనే మాల్కమ్‌సన్ అను మదరాసు సైనిక వైద్యుడు దీనిపై ఒక గ్రంథము ప్రకటించెను. కారణము మాత్రము ఎవరికిని అంతుపట్టలేదు. గాలి యనిరి, నేల తేమ యనిరి, క్రిమి యనిరి.

జావా ద్వీపమున ఐక్మన్ అను డచ్చి వైద్యుడు 1890 ప్రాంతమున, తెల్లగా పాలిషు చేసిన బియ్యము తిన్న కోళ్ళకు కాళ్ళు పడిపోవుటయు, తవుడు పెట్టగానే కోలుకొనుటయు గమనించెను. మలయాలో బ్రిటిషు వైద్యులు మరొక వింత చూచిరి. ఉప్పుడు బియ్యము తిను వారికి ఈ రోగము రాదు; పచ్చి బియ్యము మరలో తెలుపు పట్టించి తిను వారికే వచ్చును. ఇంత తెలిసియు, మన దేశములో ఆ లోపము దేహమును ఏ విధముగా కుళ్ళబొడుచునో, ఏ తాలూకాలో ఏ బియ్యము తినుచున్నారో చూచిన వారు లేరు.

1918లో ఆ పని రాబర్టు మెక్కారిసన్ చేతికి వచ్చెను. ఈయన ఐర్లాండు దేశీయుడు, ఇండియన్ మెడికల్ సర్వీసు ఉద్యోగి. మొండివాడు. అంతకు ముందు హిమాలయ ప్రాంతమున గిల్గిటులో గళగండ రోగమునకు మూలము వెదకుచు, రోగమున్న గ్రామపు నీటిలోని మడ్డిని తానే త్రాగి, గొంతు వాపు తెచ్చుకొన్న మనిషి. అట్టివానికి నీలగిరిలో కూనూరున ఉన్న పాస్టరు ఇన్‌స్టిట్యూటులో ఒక గది ఇచ్చిరి. ఒకే గది. కుక్క కాటుకు మందు తయారుచేయు సంస్థలో, ఒక మూల, పావురములను పెంచుకొనుచు బెరిబెరి విచారణ మొదలైనది. పావురములకును కోతులకును లోపభూయిష్టమైన ఆహారము పెట్టి, నరములనే కాక జీర్ణాశయమును, ప్రేవులను, గ్రంథులను సూక్ష్మదర్శినిలో పరిశీలించి, ఆహారలోపము దేహములో ఒక్క అంగముతో ఆగదని ఆయన చూపెను. ఆ ఫలితములు 1921లో పుస్తకముగా వెలువడినవి. నడుమ ఆరోగ్యము చెడి ఆయన కొంతకాలము స్వదేశమున గడుపవలసి వచ్చెను.

తిరిగి వచ్చునప్పటికి మరొక రోగము పట్టుకొన్నది. అది ఖజానా రోగము. మొదటి ప్రపంచయుద్ధము తరువాత ప్రభుత్వమునకు లోటు ఏర్పడి, ఖర్చు తగ్గించుటకు ఇంచ్‌కేప్ ప్రభువు అధ్యక్షతన ఒక సంఘమును నియమించిరి. 1923లో ఆ కత్తెర వైద్య పరిశోధనపైన కూడ పడినది. బెరిబెరి విచారణ ఆగిపోయినది. దేశము లోటులో ఉన్నది, పావురములకు ధాన్యమెందుకని లెక్కలు చూచువాడు అనుకొనిన, వానిని మూర్ఖుడనలేము. కాగితముపై చూచిన, అయిదేండ్లలో ఆ గది నుండి ఒక మందు రాలేదు, ఒక టీకా రాలేదు. తరువాత ఆ గది ఏమయ్యెనో ఎరిగిన మనకు ఆ నిర్ణయము తప్పుగా తోచుట సులభము. ఆనాడు ఎరుగుట ఎట్లు?

రెండేండ్లు గడచినవి. ఆ వ్యవధిలో, 1924లో, మెక్కారిసనును, నారిస్ అను రసాయనవేత్తయు కలిసి, భారతదేశమున బియ్యమునకును బెరిబెరికిని గల సంబంధమును గూర్చి ఒక నివేదిక ప్రకటించిరి. డబ్బు ఆగినను చేసిన పని అచ్చులోనికి వచ్చినది. ఇది గమనింపదగిన విషయము. 1925లో విచారణ తిరిగి మంజూరైనది. ఈసారి పేరు మారినది: "ఆహారలోప వ్యాధుల విచారణ." బెరిబెరి అన్న ఒక్క రోగము పేరు పోయి, దాని వెనుక నున్న పెద్ద ప్రశ్న పైకి వచ్చినది. గ్రాంటు తెగిపోవుట వలన కూడ ఒక్కొక్కసారి ప్రశ్న సరిపడునేమో!

ఈ రెండవ దశలోనే, భారతదేశపు వేర్వేరు ప్రాంతముల భోజనములను ఎలుకలకు పెట్టి చూచిన ప్రసిద్ధ పరీక్షలు జరిగినవి. గోధుమ రొట్టె, పాలు, పప్పు, కూరలు తిన్న పంజాబు సిక్కు ఎలుకలు బలిష్ఠముగ పెరిగినవి. మన మదరాసు ఎలుకలు, అనగా కడిగి వార్చిన తెల్లని అన్నముపై పెరిగినవి, తూకమునకు అడుగున నిలిచినవి. దీనిని చదివి చిన్నబుచ్చుకొనిన దక్షిణాదివారు లేకపోలేదు. 1929 నాటికి ఆ గది పెరిగి న్యూట్రిషన్ రీసెర్చ్ లేబరేటరీస్ అను స్థిరమైన సంస్థయైనది. 1935లో మెక్కారిసన్ పదవీ విరమణ చేయగా డబ్ల్యూ. ఆర్. ఎయిక్‌రాయిడ్ వచ్చెను.

ఎయిక్‌రాయిడ్ కాలముననే ప్రశ్న ప్రయోగశాల దాటి వంటయింట అడుగిడినది. 1940లో ఆయనయు, సహచరులును దేశపు బియ్యపు సమస్యపై ప్రకటించిన నివేదికలో, మర ఎంత తీయును, కడుగు ఎంత తీయును, గంజి ఎంత తీయును అన్న లెక్కలు వచ్చినవి. సంగతి ఇది. బి1 అను విటమిను గింజ పైపొరలోను మొలక భాగములోను ఉండును. పచ్చి వడ్లను మరపట్టి తెలుపు చేసిన అది తవుడుతో పోవును. వడ్లను నానబెట్టి ఉడికించి ఎండబెట్టి దంచిన, ఆ ఆవిరి వేడికి ఆ సారము గింజ లోపలికి చొచ్చుకొని పోవును. పిదప మర పట్టినను కొంత మిగులును. దక్షిణమున ఉప్పుడు బియ్యము తిను తావులలో బెరిబెరి లేకుండుటకును, పచ్చి బియ్యమే తిను సర్కారులలో అది ఉండుటకును కారణమిదే. ఇంతటితో కాలేదు. మిగిలిన సారమును మనము మూడు నాలుగుసార్లు బియ్యము కడిగి కుడితిలో పోయుదుము. అన్నము వార్చి గంజిలో పోయుదుము. ఊరి పశువునకు దక్కు సారము ఇంటి బిడ్డకు దక్కదు.

నా చిన్నతనమున మా నాయనమ్మ గంజి పారబోయనిచ్చెడిది కాదు. ఉప్పు వేసి మాకే త్రాగించెడిది. వడ్లు ఇంట దంచు రోజులలో బియ్యము ఎఱ్ఱగా ఉండెడిదనియు, అత్తెసరు పెట్టిన అన్నము కడుపులో నిలుచుననియు చెప్పెడిది. ఆమె కూనూరు పేరు వినలేదు. అయినను ఎయిక్‌రాయిడ్ పట్టికలకు ఆమె మాటకు నడుమ నాకు పెద్ద తేడా కనబడదు. అయితే నాయనమ్మలందరును అట్లుండిరని చెప్పుట పొరపాటు. తెల్లని బియ్యము గొప్పింటి గుర్తు. మర వచ్చిన తరువాత బీదవారును అదే కోరిరి. కారణము తెలిసిన తరువాత కూడ సర్కారులలో బెరిబెరి ఎన్నో యేండ్లు నిలిచినది. ఎలుకను మార్చుట సులభము, పొయ్యిని మార్చుట కష్టము. తుదకు ఆ రోగము తగ్గినది గాని, పప్పు కూరలు పెరిగిన భోజనము, వైద్యము, చౌకగా లభించు విటమిను మాత్రలు, అన్నియు కలిసి తగ్గించినవే గాని పరిశోధన ఒక్కటియే తగ్గించెనని నేను చెప్పను.

ఇక ఆ గది మన దగ్గరకు వచ్చిన వృత్తాంతము. 1958లో ఈ లేబరేటరీస్ కూనూరు నుండి హైదరాబాదునకు, ఉస్మానియా విశ్వవిద్యాలయ సమీపమునకు తరలి వచ్చెను. నేడు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అదే. 1969లో ఆ పేరు పెట్టిరి. కొండపై చల్లని ఊరిని విడిచి దక్కను ఎండలోనికి వచ్చుట వలన వారికి ఒక కొత్త రోగము ఎదురైనది. తెలంగాణములో జొన్న రొట్టె, జొన్న గటక తిని బ్రతుకు బీదవారికి ఎండ తగిలిన చోట, మెడ చుట్టును, చేతులపైనను, చర్మము కమలి నల్లబడి పొరలు లేచుచుండెను. అది పెలాగ్రా. పశ్చిమ దేశములలో అది మొక్కజొన్న తినువారి రోగమని ప్రసిద్ధి. మొక్కజొన్న తినని వీరికెందుకు వచ్చినది?

1960లో సి. గోపాలన్, శ్రీకాంతియా అను ఇద్దరు పరిశోధకులు జొన్నలో అధికముగ ఉండు ల్యూసిన్ అను పదార్థము నియాసిన్ విటమినును దేహము వినియోగించుకొను తీరును చెరచుచున్నదని ప్రతిపాదించిరి. ఈ సిద్ధాంతముపై తరువాతి కాలమున వాదోపవాదములు జరిగినవి. అన్యులు చేసిన పరీక్షలు అన్నియు దానిని బలపరచలేదు. కాని ప్రశ్న మాత్రము ఇక్కడిది. ఇక్కడి ఆసుపత్రులలో చూచిన మెడలపై నుండి వచ్చినది. బియ్యమునకు పుట్టిన ఒక చిన్న విచారణ, నలుబదేండ్ల తరువాత, ఖమ్మము వంటి జొన్న సీమల వారి గటకను గురించి అడుగుచుండెను. 1918లో దరఖాస్తు వ్రాసినవానిని మీ విచారణ వలన కలుగబోవు ప్రయోజనమేమని అడిగిన, ఇది ఆ గడిలో పట్టునా?

నేటి దరఖాస్తుకు ఆనాటి దరఖాస్తుకు పోలిక తక్కువ. ఆనాడు విచారణ కోరినవారు చాలవరకు ప్రభుత్వ వైద్యాధికారులే. రోగి సమ్మతిని వ్రాతమూలముగా తీసికొనవలెనన్న నియమము లేదు. నేడు ఎంత చిన్న గ్రాంటు కోరినను మనుష్యులపై పరీక్ష చేయదలచిన నైతిక సంఘము అనుమతి కావలెను. 1980లో ఐ. సి. ఎం. ఆర్. తొలిసారి ప్రకటించిన నీతి నియమములు 2000, 2006, 2017 సంవత్సరములలో విస్తరించినవి. ఇది అడ్డంకి యని విసుగుకొనువారిని ఎరుగుదును. నేను విసుగుకొనను. చదువురాని కూలి మనిషి చేతి నుండి రక్తము తీయువాడు, ఎందుకు తీయుచున్నాడో ఆమె భాషలో చెప్పగలిగి యుండవలెను. వైద్య విద్యార్థులకు సయితము 1979 నుండి ఆ సంస్థ రెండు నెలల స్వల్పకాల పరిశోధనకు వేతనము ఇచ్చుచు వచ్చినది. కనుక చిన్న ప్రశ్నలకు తలుపు బొత్తిగా మూసియున్నదని చెప్పరాదు. గడి మాత్రము అట్లే ఉన్నది: ఇదివరకు సేకరించిన ఆధారములేవి?

ఈ కథ అంతయు నేను ఆ యువ వైద్యునకు టెలిఫోనులో చెప్పితిని. ఆయన ఓపికగా వినెను.

"మెక్కారిసన్‌కు గది ముందే ఇచ్చారు కదా సార్" అనెను. నిజమే. ఆయనకు వెనుక గిల్గిటు ఉన్నది, ఉద్యోగమున్నది, సర్కారు ముద్ర ఉన్నది. ఈయనకు సాయంకాలములు తప్ప వేరు తీరిక లేదు.

అయినను ఆయన ఒక ఉపాయము చేసెను. ఆసుపత్రి పుస్తకములో రక్తహీనత యని వ్రాసిన పాత చీటీలను, పేర్లు తొలగించి, మూడు ఋతువులవి లెక్కించెను. ఎవరికి ఇనుము మాత్రలతో రక్తము పెరిగెను, ఎవరికి పెరుగలేదు అని రెండు వరుసలుగ విడదీసెను. దానికి పైసా ఖర్చు కాలేదు. అనుమతి మాత్రము తీసికొనెను. రెండవ వరుస తాను అనుకొన్న దానికన్న పొడుగుగా వచ్చెనట. ఆ లెక్కనే గడిలో వ్రాసెను. క్రింద "కలుగబోవు ఫలితము" అన్నచోట మాత్రము చాలసేపు కలము ఆగినదని చెప్పెను.

"ఏమి వ్రాసితివి?" అని అడిగితిని.

"నాలుగు కారణాల్లో ఏదో తెలియదు, తెలుసుకోవడానికే అడుగుతున్నాను అని రాశాను సార్. తప్పా?"

దరఖాస్తు పోయినది. కూలీలకు చదివి వినిపింపవలసిన సమ్మతి పత్రమును కోయ భాషలో చెప్పగల ఒక పంతులును వెదకి పట్టుకొనెను. జవాబు ఇంకను రాలేదు. మొన్న ఆయన మరల మాటలాడినపుడు చేలలో కాయ ఎరుపెక్కుచున్నదనియు, మొదటి ట్రాక్టరులో కూలీలు దిగినారనియు చెప్పెను.